మగవారూ, తూకంతో పాటు నడుము కూడా కొలిపించుకోండి

"సిస్టరమ్మా, నేనేమంత లావు లేను కదా, నాకు షుగరెట్ల వచ్చింది?" పాతబస్తీలో మన ఆసుపత్రికి వచ్చే మగవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఆటో నడిపేవారు, లాడ్‌బజార్‌లో గాజులు చేసేవారు, పత్తర్‌గట్టీ దుకాణాల్లో కూర్చునేవారు, ఆఫీసు ఉద్యోగులు, అందరి నోటా ఇదే మాట. చేతులు సన్నగా, కాళ్లు సన్నగా ఉంటాయి. పొట్ట మాత్రం చొక్కా గుండీలను లాగుతూ ఉంటుంది. ఆ పొట్టను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మన ఇళ్లలో దానికి "బాగా కలిసొచ్చింది" అని పేరు పెట్టుకున్నాం. ఈ ఆలోచన మారాలన్నదే నేను చెప్పదలచుకున్న విషయం.

తూకం యంత్రం ఎముకలు, కండలు, కొవ్వు, నీరు అన్నింటినీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది. అందులో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది చెప్పదు. పుణె వైద్యులు డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యులు డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కనే ప్రచురించారు. ఎత్తుకు తగ్గ బరువును లెక్కించే బి.ఎం.ఐ. ఇద్దరికీ 22.3 మాత్రమే. కాని శరీరంలో కొవ్వు యుడ్కిన్‌గారికి 9.1 శాతం ఉంటే, యాజ్ఞిక్‌గారికి 21.2 శాతం ఉంది. తూకం ఇద్దరినీ ఒకేలా చూపింది, లోపలి సంగతి వేరు. మన భారతీయుల్లో చాలామంది శరీరం ఇలాంటిదే. పైకి సన్నం, లోపల కొవ్వు.

దీనికీ షుగరుకీ సంబంధం ఏమిటి? మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలోకి వస్తుంది. దానిలో ఎక్కువ భాగాన్ని దాచుకొనే గాదె మన కండలే. గాదె చిన్నదైతే పంట బయటే ఉండిపోయినట్లు, కండ తగ్గితే భోజనం తరువాత షుగరు రక్తంలోనే నిలిచిపోతుంది. ఇక పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయంలో చేరిన కొవ్వు ఇన్సులిన్ పనికి అడ్డు తగులుతుంది. అప్పుడు కాలేయం రాత్రంతా అవసరానికి మించి గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. రాత్రి ఏమీ తినకపోయినా పొద్దున పరగడుపు షుగరు ఎక్కువగా రావడానికి ఇదొక ముఖ్య కారణం. ఆడవారిలో నెలసరి ఆగేవరకు కొవ్వు ఎక్కువగా తుంట్లలో, తొడల్లో చేరుతుంది. మగవారిలో మొదటినుంచీ పొట్టలోనే చేరుతుంది. అందుకే మగవారికి తక్కువ బరువులోనే షుగరు వచ్చే ప్రమాదం ఉంది.

ఇది కొద్దిమంది సమస్య కాదు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. 20 ఏళ్లు దాటినవారిలో 11.4 శాతం మందికి షుగరు వ్యాధి ఉంది. పొట్ట దగ్గర కొవ్వు పెరిగినవారు 39.5 శాతం, అంటే నూటికి దాదాపు నలభై మంది.

కనుక ఇంట్లో ఒక కుట్టు టేపు ఉంచుకోండి. కొలత తీసుకొనే పద్ధతి తెలుసుకోండి. ప్యాంటు సైజు చెప్పి "నాది ముప్పైనాలుగే" అనకండి, చాలామంది ప్యాంటును పొట్ట కిందికి జార్చి కట్టుకుంటారు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ మధ్యలో, చొక్కా తీసి, మామూలుగా గాలి వదిలాక, పొట్ట బిగబట్టకుండా కొలవాలి. మగవారికి 90 సెంటీమీటర్లు, అంటే సుమారు ముప్పైఅయిదున్నర అంగుళాలు దాటితే హెచ్చరిక. ఆడవారికి 80 సెంటీమీటర్లు. హద్దు దాటినవారు, తల్లిదండ్రులకు షుగరు ఉన్నవారు, 30 ఏళ్లు నిండినవారు రక్త పరీక్ష చేయించుకోవాలి. పరగడుపున 100 నుండి 125 వరకు ఉంటే షుగరు వాకిట్లో ఉన్నట్లు, 126 గాని అంతకు మించి గాని ఉంటే ఇంట్లోకి వచ్చినట్లు. డాక్టరుగారు మళ్లీ ఒకసారి పరీక్షించి నిర్ధారిస్తారు.

ఇక్కడ ఇంకొక పొరపాటు గురించి చెప్పాలి. షుగరు ఉందని తెలియగానే కొందరు తిండి మానేస్తారు. రెండు పుల్కాలు, కాస్త మజ్జిగతో రోజులు గడుపుతారు. బరువు తగ్గిందని సంతోషిస్తారు. కాని అలా తగ్గిన దానిలో కండ కూడా పోతుంది, గాదె ఇంకా చిన్నదవుతుంది. మరొక మాట. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గిపోతూ, దాహం, మూత్రం ఎక్కువైతే అది మంచి గుర్తు కాదు. షుగరు అదుపు తప్పిందని అర్థం. వెంటనే ఆసుపత్రికి రండి.

మరి ఏం చేయాలి? మన నగరంలోనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, రోజు మొత్తం శక్తిలో అన్నం, రొట్టెల వంటి ధాన్యాల వాటా 45 శాతానికి మించకూడదని చెప్పింది. మన కంచంలో అన్నం కొండలా, కూర నంజుడులా ఉంటుంది. దాన్ని తిరగేయాలి. పప్పు, గుడ్డు, శనగలు, పెసలు, చేప, ఆకుకూరలు పెరగాలి. "అంత ఖర్చు మావల్ల కాదు" అనేవారు తమ చాయ్ లెక్క చూసుకోవాలి. రోజుకు ఆరు కప్పులు, కప్పుకు రెండు చెంచాలంటే పన్నెండు చెంచాల చక్కెర, సుమారు 50 గ్రాములు. పక్కన ఉస్మానియా బిస్కెట్లు వేరే. సగం చాయ్‌లు మానేస్తే ఆ డబ్బుతో గుడ్డు వస్తుంది.

నడక మంచిదే, వారానికి 150 నిమిషాలైనా నడవాలి. కాని నడక ఒక్కటే చాలదు. కండ పెరగాలంటే బరువు మోసే పని కావాలి. తాలీంఖానాల పేరున్న పాతబస్తీవారికి బస్కీలు, దండీలు కొత్తగా నేర్పాలా? వారానికి రెండు మూడు రోజులు గోడ పట్టుకొని గుంజిళ్లు తీసినా, కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చున్నా మొదలుపెట్టినట్లే. గుండె జబ్బు, కంటిలో రక్తస్రావం, పాదాల పుండ్లు ఉన్నవారు, ఇన్సులిన్ గాని షుగరు మాత్రలు గాని వాడేవారు ముందుగా డాక్టరుగారిని అడగాలి. మందులు సొంతంగా ఆపకండి.

దీనివల్ల ఫలితం ఉంటుందా అని సందేహించవద్దు. చెన్నైలో షుగరు వాకిట్లో ఉన్న 531 మందిని, వారిలో 421 మంది మగవారే, మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. మామూలు సలహాతో వదిలేసినవారిలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. తిండి, వ్యాయామం మార్చుకున్నవారిలో 39 మందికే వచ్చింది. బరువు పెద్దగా తగ్గకపోయినా ఈ మేలు జరిగింది. తూకం అంకె కదలడం లేదని నిరాశపడి మానేసే సోదరులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చివరిగా ఒక విన్నపం. భర్త షుగరును భార్య బాధ్యతగా వదిలేయకండి. ఆమె వండగలదు గాని మీ బదులు గుంజిళ్లు తీయలేదు, మీ బదులు చాయ్ మానలేదు. మన సంఘాల పురుషుల కూటాల్లో మూడు నెలలకొకసారి ఒక టేపు, ఒక నోటుపుస్తకం పెట్టి అందరి నడుము కొలతలు రాసుకుంటే ఎంత మేలు! టేపు ఖరీదు పది ఇరవై రూపాయలు. కొలవడం రానివారికి మా నర్సులు నేర్పుతారు. వచ్చేవారం ఓ.పి.కి వచ్చినప్పుడు బి.పి. చూపించుకొని వెళ్లిపోకుండా, "సిస్టర్, నా నడుము కూడా కొలవండి" అని అడగండి.