నష్టం చెప్పాకే స్తోత్రం

కష్టంలో దేవునికి కృతజ్ఞత చెప్పడమంటే ఏడుపు దిగమింగుకుని నవ్వడం కాదండీ. హబక్కూకు ప్రవక్తనే చూడండి. తన గ్రంథం 3వ అధ్యాయం చివర్లో ముందు నష్టాలే లెక్కపెడతాడు. అంజూరం, ద్రాక్ష, ఒలీవ, పైరు, గొర్రెలు, పశువులు... ఈ ఆరూ లేకపోయినా దేవునిలో ఆనందిస్తానంటాడు.

మా ఆయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఈ జబ్బు వచ్చినందుకు స్తోత్రం అని నేననలేను, అననక్కర్లేదు కూడా. రాత్రి ప్రార్థనలో ముందు అప్పులూ, మందుల ఖర్చూ, నా భయమూ ప్రభువుకు చెప్పేస్తాను. ఆ తర్వాతే ఆ రోజు అందిన మేలు ఒక్కటి తలచుకుని స్తోత్రం చెబుతాను. నిన్నటి మేలు, ఆయన రెండు ఇడ్లీలు తినగలగడం.

మీరూ ఈ రాత్రి అలా ప్రార్థించి చూడండి. నష్టాన్ని దాచొద్దు, మేలును మరవొద్దు.