కొత్త తమ్ముళ్లకు ఏడు పెంకులాట

హాస్టల్లో చేరిన మొదటి వారం గోడ దూకి ఇంటికి పోదామనుకున్నాను. ఆ సాయంత్రం పదో తరగతి అన్న ఒకాయన పిలిచి, "పెంకులు నువ్వు పేర్చు, బంతి తగలకుండా మేం చూసుకుంటం" అన్నాడు. ఉండిపోయాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ అలా నిలబడింది.

సెలవులకు గోలేటి వచ్చినప్పుడల్లా మైదానంలో చూస్తున్నాను. కొత్త పిల్లలకు బంతి ఏరుకొచ్చే పనే దక్కుతోంది. ఇది మారాలి. ముందుగా వాళ్లకు ఆట చెప్పండి. ఏడు పెంకులు, పెద్దది అడుగున, చిన్నది పైన. విసిరేందుకు మూడు అవకాశాలు. పడగొట్టిన జట్టు తిరిగి పేర్చాలి, అవతలి జట్టు బంతితో కొట్టి ఔట్ చేయాలి. కొత్తవాళ్లకు గీత రెండడుగులు ముందుకు జరపండి. తలకు గురిపెట్టొద్దు.

గూన పెంకుల ముక్కలే ఏరండి. సిమెంటు రేకు ముక్కలు వద్దు. వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, అరగదీస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. దుమ్ము సంగతి గని కార్మికుల పిల్లలకు వేరే చెప్పాలా?

బ్యాట్లకు చందాలు కావాలి, దీనికి గుడ్డ బంతి చాలు. సీనియర్ మిత్రులారా, వార్షికోత్సవం అయ్యాక మొదటి విసురు కొత్తగా చేరిన తమ్ముడికే ఇవ్వండి. ఇంటికి పోదామనుకుంటున్నవాడు వాళ్లలో ఒకడైనా ఉంటాడు.