పల్లెనిద్రతో పోయే భయమా ఇది?

2020 మే 11, సోమవారం రాత్రి మంత్రులు విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ పడుకున్నారు. గ్యాస్ లీకైన ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ పక్కన మళ్లీ కాపురం ఉండడానికి జంకుతున్నవారిలో ధైర్యం నింపడానికే ఈ పల్లెనిద్ర అన్నారు. మంత్రులు రావడం మంచిదే. పరిహారం ప్రకటించడంలో ప్రభుత్వం జాప్యం చేయలేదన్నదీ నిజమే. మా అభ్యంతరమల్లా ‘ధైర్యం’ అన్న ఆ ఒక్క మాట మీదే.

గాలి శుభ్రపడిందని తెలియక జనం బెదురుతున్నారు, పెద్దవాళ్లు పడుకుని చూపిస్తే ఆ బెదురు తీరిపోతుంది అన్నది ఆ మాట వెనకున్న అర్థం. ఇది నిజం కాదు, నిజాయితీ అంతకన్నా కాదు. వెంకటాపురం వాళ్లది తెలియక పుట్టిన భయం కాదు, తెలిసి పుట్టిన భయం. ఆ నెల 7న తెల్లవారుజామున వాళ్లను లేపింది సైరన్ కాదు. కళ్ల మంట, ఊపిరాడకపోవడం. లీకైన స్టైరీన్ ఆవిరి గాలికన్నా బరువు, నేలనంటుకుని పాకుతుంది. పరిగెత్తినవాళ్లు పరిగెత్తినచోటే కూలిపోయారు. 12 మంది చనిపోయారు. మృత్యువు నిద్రలో వచ్చిన ఊళ్లో అన్నిటికన్నా ముందు చెడేది నిద్రే. తలుపులు మూసుకుని పడుకోవాలో, తీసిపెట్టి పడుకోవాలో తేల్చుకోలేని తల్లికి, నాలుగిళ్ల అవతల మంత్రిగారు పడుకున్నారన్న కబురు ఏ పాటి ఊరట? ఆయనకు వాకిట్లో కారుంది, తెల్లారితే వెళ్లిపోతారు. పైగా స్టైరీన్ తియ్యటి వాసనను మన ముక్కు అతి కొద్ది మోతాదులోనే పసిగడుతుంది. రేపెప్పుడో దుప్పట్లోంచి ఆ వాసన వచ్చినట్టనిపించినా చాలు, ఒళ్లంతా ఆ తెల్లవారుజాములోకి వెళ్లిపోతుంది. అలాంటి మనిషితో ‘ధైర్యంగా ఉండండి’ అనడం ఓదార్పు కాదు, నోరు మూసుకోమనడమే. బాధ కలిగించినవాళ్లను వదిలేసి బాధపడుతున్నవాళ్లలో లోపం వెతకడమే. పనిలో పనిగా, జనం ఇళ్లకు చేరారు కాబట్టి అంతా మామూలైపోయిందని ఫైలు మూసేసే వీలూ చిక్కుతుంది.

పరిహారం లెక్కలోనూ ఇదే చూపు. వెంటిలేటర్ మీదున్నవారికి 10 లక్షలు, రెండు మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నవారికి లక్ష, ప్రథమ చికిత్స పొందినవారికి 25 వేలు. అంటే గాయాన్ని మంచంతో కొలిచారు. మంచమెక్కకుండా, పక్కింటి పిల్ల నురగలు కక్కడం చూసిన పదేళ్లవాడి గాయం ఏ గడిలో పడుతుంది? మనసు గాయానికీ వైద్యం కావాలని భోపాల్ ఏనాడో నేర్పింది. 1984 గ్యాస్ దుర్ఘటన తర్వాత అక్కడి ప్రభుత్వ వైద్యాధికారులకు మానసిక చికిత్సలో శిక్షణ ఇవ్వడానికి బెంగళూరు నిమ్‌హాన్స్ నిపుణులు వెళ్లాల్సి వచ్చింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లో విపత్తుల్లో మానసిక సాయానికంటూ ప్రత్యేక మార్గదర్శకాలే తెచ్చింది. ప్రభుత్వ వైద్యాధికారులందరికీ అత్యవసర మానసిక చికిత్సలో శిక్షణ ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం శాసించింది. కాబట్టి నియమాలు లేవన్న సాకు చెల్లదు.

అంతమంది సైకియాట్రిస్టులు ఎక్కడున్నారంటారు. లేరు, నిజమే. కానీ మనసు గాయానికి మొదటి సాయం చేయడానికి సైకియాట్రిస్టే అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో క్షేత్రస్థాయి కార్యకర్తల కోసం వేసిన చేతిపుస్తకం సారం మూడు పనులు: చూడటం, వినడం, తగిన చోటికి చేర్చడం. ఆశా కార్యకర్తకూ, ఏఎన్ఎంకూ ఇది నేర్పవచ్చు; 2020లో యాభై ఇళ్లకొకరుగా ఉన్న వలంటీరుకూ నేర్పగలిగేవారు. నేర్చుకోవాల్సినదాంట్లో సగం ఏం చేయకూడదన్నదే. ఎలా జరిగిందో చెప్పమని గుచ్చిగుచ్చి అడగకూడదు (ఆ పని టీవీ మైకులు చాలినంత చేశాయి). ఏడవొద్దనకూడదు, బతికి బయటపడ్డారు కదా అనకూడదు. తెలిసిన నిజం చెప్పాలి, తెలియనిది తెలియదనాలి. వారాలు గడిచినా నిద్రపట్టనివారిని, మందుకు అలవాటుపడుతున్నవారిని గుర్తుపట్టి కింగ్ జార్జ్ ఆసుపత్రి(కేజీహెచ్)కో, చినవాల్తేరు మానసిక ఆసుపత్రికో తోడుగా తీసుకెళ్లాలి. లాక్‌డౌన్ అడ్డమైందంటారా? కరోనా సర్వేకు వీళ్లు అప్పుడు గడపగడపా తొక్కారు!

హుద్‌హుద్ నుంచి తేరుకున్న జనం దీన్నుంచి తేరుకోరా అనేవారూ ఉన్నారు. చాలామంది తమంతట తామే తేరుకుంటారు, కాదనం. కానీ 2014లో తుపాను వచ్చి వెళ్లిపోయింది. ఇక్కడ ఫ్యాక్టరీ మాత్రం అప్పటికీ గోడ అవతలే ఉండింది. దాన్ని అక్కడినుంచి తరలించాలన్న డిమాండుపై ప్రభుత్వం సూటిగా జవాబు చెప్పనంతవరకూ ఏ శిక్షణా పూర్తి మందు అయ్యేది కాదు.

1997లో రిఫైనరీ మంటలు, 2012లో ఉక్కు కర్మాగారంలో పేలుడు చూసిన నగరమిది. ప్రమాదకర రసాయనాలపై 1989 నాటి నిబంధనల ప్రకారం, ఫ్యాక్టరీ గోడ దాటే ప్రమాదాలకు అత్యవసర ప్రణాళిక జిల్లా యంత్రాంగం దగ్గర ఉండాలి. అందులో ఫైరింజన్లకూ అంబులెన్సులకూ చోటున్నట్టే, ఏ వార్డులో ఈ శిక్షణ పొందినవారు ఎవరెవరో కూడా రాసుండాలి. 2020లో లాక్‌డౌన్ సడలింపులతో ఒక్కొక్కటిగా ఫ్యాక్టరీలు తెరుచుకున్నాయి. ఎల్‌జీ ట్యాంకు లీకైందీ సరిగ్గా అలా తెరవబోతుండగానే. ఆ పేర్ల జాబితా కలెక్టరు ప్రకటించాలి.