గోడకు నెమ్ము - రొమ్ముకు నెమ్ము

మన తెలుగులో 'నెమ్ము' అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. గోడకు తేమ దిగితే నెమ్ము పట్టిందంటాం. పసివాడికి ఛాతీలో కఫం చేరి ఎగఊపిరి వస్తే నెమ్ము చేసిందంటాం. ఈ రెండింటికీ ఒకటే మాట కావడం వైద్యుడిగా నాకు ఎంతో సబబుగా తోస్తుంది. ఎందుకంటే మొదటి నెమ్ము చాలా ఇళ్ళలో రెండో నెమ్ముకు దోహదం చేస్తున్నది.

వానాకాలం వెనకబడి చలి మొదలయ్యే రోజుల్లో మా ఆసుపత్రి ఓ.పి. అంతా దగ్గులు, తుమ్ములు, పిల్లికూతలతో నిండిపోతుంది. అలా వచ్చినవారిని నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటున్నది. "మీ ఇంట్లో గోడలు చెమ్మగా వుంటాయా? మంచం ఏ గోడ పక్కన వేసుకుంటారు?" జబ్బు చూడమని వస్తే ఈ డాక్టరు ఇల్లు గురించి అడుగుతాడేమిటని చాలామంది విస్తుపోతారు. కాని ఆ ప్రశ్నకు వచ్చే జవాబుతో ఒక్కోసారి సగం జబ్బు తేలిపోతుంది.

బూజు అంటే ఏది?

మూలల్లో సాలెపురుగులు కట్టే గూడునూ బూజనే అంటాం. పండుగలకు దులిపేది దానినే. నేను చెప్పబోయే బూజు అది కాదు. తడి గరిటె పెట్టిన ఊరగాయ జాడీలో తెల్లగా, పాతబడిన రొట్టె మీద పచ్చగా, వానాకాలంలో తోలు చెప్పుల మీద బూడిదరంగులో, స్నానాల గది గోడ మీద నల్లగా కనిపించే బూజు. ఇది శిలీంధ్ర జాతికి చెందిన జీవి. కంటికి కనిపించనంత చిన్నవైన సిద్ధబీజాలను లెక్కలేనన్ని గాలిలోకి వదులుతుంది. అవి ఎక్కడైనా వుంటాయి. మన ఇంట్లోనూ వుంటాయి, రాష్ట్రపతి భవనంలోనూ వుంటాయి. వాటిని పూర్తిగా లేకుండా చేయడం ఎవరి తరమూ కాదు.

అయితే అవి మొలకెత్తాలంటే తడి కావాలి. ఒక వస్తువు తడిసి ఇరవైనాలుగు నుంచి నలభై ఎనిమిది గంటలదాకా ఆరకపోతే బూజు ఎదగడానికి అదే చాలు. కాబట్టి బూజు సమస్య అసలు నీటి సమస్య అని గుర్తుంచుకోండి. నీరు వచ్చే దారి మూయకుండా ఎన్నిసార్లు తుడిచినా, ఎంత ఖరీదైన రంగు వేసినా అది మళ్ళీ వస్తుంది.

2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీల్లోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్ ప్రాంతంలోనూ ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. ఇలాంటి సమయాల్లో మనం విరేచనాలు, జ్వరాలు, పాముల గురించి జాగ్రత్త పడతాం. అది మంచిదే. కాని నేల మీది నీరు పోయినా, గోడ తాగిన నీరు గోడలోనే వుంటుంది. నీళ్ళలో నానిన ఇటుక గోడ లోపలిదాకా ఆరడానికి నెలలు పడుతుంది. పండుగ వస్తున్నదని ఈలోగానే రంగులు వేయించేస్తారు. ఆ రంగు వెనుక బూజు హాయిగా పెరుగుతుంది.

ఏ జబ్బులు వస్తాయి?

ఆరోగ్యంగా వున్నవారికి సాధారణంగా పెద్ద ప్రమాదం వుండదు. కళ్ళ దురద, ముక్కు కారడం, తుమ్ములు, గొంతులో గరగర - ఇంతవరకే. కాని కొందరి శరీరతత్త్వానికి బూజు సరిపడదు. వారికి ఇదే ఉబ్బసంగా మారవచ్చు. ఉబ్బసం ముందే వున్నవారికి అది ముదురుతుంది. చెమ్మ, బూజు వున్న ఇళ్ళలో వుండేవారికి దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం, శ్వాసకోశ వ్యాధులు ఎక్కువగా వస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో విడుదల చేసిన మార్గదర్శకాలలో స్పష్టం చేసింది.

అనుమానించడానికి ఒక సులువైన గుర్తు చెబుతాను. ఇంట్లో వున్నప్పుడు, ముఖ్యంగా రాత్రి తెల్లవార్లూ బాధ ఎక్కువై, నాలుగు రోజులు వేరే వూరు వెళ్ళినప్పుడు తగ్గి, తిరిగి ఇంటికి రాగానే మొదలైతే ఇంటిని అనుమానించాలి. అమ్మమ్మగారి వూళ్ళో పిల్లవాడు మందు లేకుండానే తేరుకుంటే "అక్కడి నీళ్ళు పడ్డాయి" అంటారు. నీళ్ళు కావచ్చు, అక్కడి పొడి గోడలూ కావచ్చు!

రెండో రకం జబ్బు ఊపిరితిత్తుల లోపలి పొరలు వాచి, క్రమంగా గట్టిపడిపోవడం. దీనిని హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటారు. పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, బరువు తగ్గడం దీని లక్షణాలు. మన దేశంలో 19 నగరాల నుంచి ఇలా ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బులున్న 1,084 మందిని పరిశీలించి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో దాదాపు సగం మందికి వున్నది ఈ జబ్బే. ఆ సగంలో మళ్ళీ సుమారు సగం మంది ఎయిర్ కూలరు గాలి పీల్చేవారు. కూలరు గడ్డిలో నెలల తరబడి నిలిచే తడి, బూజుకు పుట్టినిల్లు. ఎండాకాలంలో పక్క మీదికే కూలరు తిప్పుకుని పడుకునే అలవాటున్న మనం ఈ సంగతి బాగా గుర్తుంచుకోవాలి.

మూడవది మరీ ముఖ్యం. ఉబ్బసం వున్న కొందరి ఊపిరితిత్తుల గొట్టాలలో ఆస్పర్జిల్లస్ అనే బూజు తిష్ఠవేస్తుంది. గోధుమరంగు కఫం ముద్దలుగా పడుతుంది. ఎక్స్‌రేలో మచ్చలు కనిపిస్తాయి. క్షయ ఎక్కువగా వున్న మన దేశంలో ఇలాంటి మచ్చలు చూసి క్షయ అనుకొని నెలల తరబడి ఆ మందులే వాడినవారు ఎందరో వున్నారు. కాబట్టి చిరకాలంగా ఉబ్బసం వుండి, కఫం పరీక్షలో క్షయ క్రిములు కనబడకపోయినా క్షయ మందులు వాడుతూ, గుణం కనిపించనివారు ఛాతీ వైద్య నిపుణుని చూడాలి. ఐ.జి.ఇ. అనే రక్తపరీక్ష, చర్మపరీక్ష, స్కానింగుతో నిజం తేలుతుంది. అంతేగాని ఇది చదివి క్షయ మందులు మీ అంతట మీరు మానివేయకండి. అది ప్రాణాంతకం.

పసిపిల్లలు, ముసలివారు, స్టెరాయిడ్లు వాడేవారు, కేన్సరు చికిత్సలో వున్నవారు, మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారు - వీరిని బూజు పట్టిన గదిలో పడుకోబెట్టవద్దు.

ఇది పేదదేశాల గొడవ అనుకోకండి. ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో 2020 డిసెంబరులో రెండేళ్ళ పసివాడు చనిపోయాడు. ఇంట్లో బూజు వున్నదని తండ్రి ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా, పైన రంగు వేసుకోమని సలహా ఇచ్చారు. చాలాకాలం బూజు పీల్చడం వల్ల వచ్చిన శ్వాసకోశ వ్యాధే ఆ మరణానికి కారణమని 2022 నవంబరులో విచారణ అధికారి తేల్చారు. ఆ పిల్లవాడి పేరుతోనే అక్కడ చట్టం వచ్చింది. 2025 అక్టోబరు నుంచి అది అమలులోకి వచ్చింది. ప్రమాదకరమైన చెమ్మ, బూజుల గురించి ఫిర్యాదు వస్తే సామాజిక గృహాల యజమానులు పది పనిదినాల లోపల ఇల్లు పరిశీలించాలి. అత్యవసరమైతే ఇరవైనాలుగు గంటలలోనే.

మీ ఇంటిని మీరే పరీక్షించండి

ముందు ముక్కుతో మొదలుపెట్టండి. తలుపులు మూసివున్న గదిలోకి బయటి నుంచి వచ్చిన వెంటనే ముక్కిన వాసన వస్తున్నదా? అదే ఇంట్లో వున్నవారికి అలవాటై తెలియదు. వచ్చిన బంధువులను అడగండి.

తరువాత కంటితో. బీరువా వెనుక, మంచం తలాపి వెనుక, సింకు కింద, అటక మీద, కేలండరు తీసి దాని వెనుక టార్చిలైటు వేసి చూడండి. మచ్చ వున్న చోటును బట్టి నీరెక్కడిదో చెప్పవచ్చు.

నేల నుంచి మొదలై మూడు నాలుగు అడుగుల ఎత్తులో ఆగిపోయి, తెల్లగా ఉప్పు పొంగి, సున్నం పెచ్చులూడుతూ వుంటే అది పునాది నుంచి పైకి పాకే తడి.

పైకప్పులో చుట్టూ పసుపు అంచుతో మచ్చ వుండి వానకు పెద్దదవుతూ వుంటే శ్లాబు కారుతున్నది. డాబా మీద తూములు ఆకులతో మూసుకుపోయాయేమో, పిట్టగోడ మొదట్లో పగుళ్ళున్నాయేమో చూడండి.

వానలు లేని రోజుల్లోనూ మచ్చ తడిగానే వుండి, గోడకు అవతలి వైపు స్నానాల గది వుంటే గొట్టం కారుతున్నది. రాత్రి మోటారు, కుళాయిలు అన్నీ కట్టేసి పైన ట్యాంకులో నీటి మట్టం గుర్తుపెట్టండి. తెల్లవారేసరికి తగ్గివుంటే అనుమానం బలపడినట్టే.

గాలి ఆడని మూలలో, బీరువా వెనుక, నల్లని చుక్కలు చుక్కలుగా వుంటే ఇంట్లో ఆవిరే చల్లని గోడ మీద నీరవుతున్నది. వంట ఆవిరి, గదిలో ఆరవేసే బట్టలు దీనికి కారణం.

తేల్చుకోలేకపోతే ఒక చిన్న పరీక్ష. గోడను పొడిగుడ్డతో తుడిచి, జానెడు పాలిథీన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపు వేసి అంటించండి. రెండు రోజుల తరువాత చూడండి. కాగితం లోపలి వైపు చెమట పట్టివుంటే తడి గోడలో వున్నది. బయటి వైపు పట్టివుంటే గదిలో గాలిదే దోషం.

ఆ తరువాతే మేస్త్రీనో ప్లంబరునో పిలవండి. గోడ పగిలినా, శ్లాబులో ఇనుము బయటపడినా ఇంజనీరుకు చూపించడం మంచిది. పరీక్షించే మనిషే రసాయనం డబ్బాలు అమ్మేవాడైతే మరొకరి అభిప్రాయం కూడా తీసుకోండి.

తుడిచే పద్ధతి

మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు లోపల వున్న బూజును మనమే శుభ్రం చేసుకోవచ్చు. ఉబ్బసం వున్నవారు, చిన్నపిల్లలు ఆ సమయంలో ఇంట్లో వుండకూడదు. తుడిచేవారు ఎన్-95 మాస్కు, రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. కిటికీలు తెరవండి. పొడి చీపురుతో ఎన్నడూ దులపవద్దు. అలా చేస్తే సిద్ధబీజాలు ఇల్లంతా పరుచుకుంటాయి. సబ్బునీళ్ళతో తడిపి, రుద్ది, తుడిచి, ఫ్యాను పెట్టి బాగా ఆరనివ్వండి. బ్లీచింగు వాడితే అందులో ఆసిడ్ గాని, పాయిఖానా కడిగే ద్రవం గాని కలపవద్దు. విషవాయువు పుడుతుంది. వరదనీటిలో రెండు రోజులకు మించి నానిన దూది పరుపులు, దిండ్లు ఎంత ముద్దయినా పారవేయండి.

ఇక ముందు జాగ్రత్తలు. బీరువాలు గోడకు బెత్తెడు దూరంగా జరపండి. వంటింట్లో పొగ, ఆవిరి పోయే ఫ్యాను బిగించండి. కూలరు నీళ్ళు రోజూ పారబోసి, పగలు గడ్డిని ఎండనివ్వండి. ఏటేటా గడ్డి మార్చండి. ఏ.సి. జాలీ పదిహేను రోజులకోసారి కడగండి.

ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా గోడ మీద నల్లబూజు పట్టింది. కరోనా తరువాత వచ్చిన బ్లాక్ ఫంగస్ ఇదేనా?

జవాబు: కాదు. 2021లో ఎందరినో బలిగొన్న ఆ జబ్బు మ్యూకర్‌మైకోసిస్. అదుపులేని మధుమేహం, స్టెరాయిడ్ల వాడకం వున్నవారికి వచ్చింది. ఆ బూజు నల్లగా వుండదు. అది సోకిన కండ చచ్చి నల్లబడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. గోడ మీది నలుపు సాధారణంగా వేరే జాతులది. శుభ్రం చేసుకోండి, భయపడకండి. నల్లబూజు గురించి అతిగా భయపెట్టేవారూ వున్నారు. అమెరికాలో క్లీవ్‌లండ్ నగరంలో 1993-94లో పసిపిల్లల ఊపిరితిత్తుల నుంచి రక్తం పడితే దానికి నల్లబూజే కారణమన్నారు. 2000లో అక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం తిరిగి పరిశీలించి, అది రుజువు కాలేదని ప్రకటించింది.

ప్రశ్న: ఇంట్లో గాలిని పరీక్షించి బూజు లెక్క చెబుతామని వేలకు వేలు అడుగుతున్నారు. చేయించాలా?

జవాబు: అక్కరలేదు. గాలిలో ఇన్ని సిద్ధబీజాలుంటే ప్రమాదం అనే నిర్ణీత ప్రమాణం ఎక్కడా లేదు. కంటికి కనిపించేదానికి లెక్క ఎందుకు? ఆ డబ్బుతో కారే గొట్టం మార్పించండి.

ప్రశ్న: అద్దె ఇంట్లో వుంటున్నాం. మా బాబుకు ఆయాసం. చెమ్మ గురించి చెబితే, మీ వంట ఆవిరివల్లే అంటున్నారు ఇంటివారు. ఏం చేయాలి?

జవాబు: తగాదా పెట్టుకోకండి. పాలిథీన్ కాగితం పరీక్ష ఆయన ఎదుటే చేసి చూపించండి. మచ్చల ఫొటోలు తేదీలతో తీసి వుంచండి. పిల్లవాడిని చూసే డాక్టరుచేత, చెమ్మలేని గది అవసరమని చీటీ రాయించుకుని, మీ కోరిక కాగితం మీద పెట్టి ఇవ్వండి. ఈలోగా బాబు పక్కను పొడి గోడ వున్న గదిలోకి, ఎండా గాలీ వచ్చే వైపుకు మార్చండి. ఇన్‌హేలరు అలవాటైపోతుందనే భయంతో మానిపించకండి. నెలలు గడిచినా మరమ్మతు జరగకపోతే, రెండు వందలు అద్దె ఎక్కువైనా పొడిగా వున్న ఇల్లు చూసుకోండి. మందుల ఖర్చుతో పోలిస్తే అది దండుగ కాదు.

మందు డాక్టరు రాస్తాడు. గోడ మాత్రం మీరే చూసుకోవాలి. ఈ ఆదివారం ఒకసారి బీరువా జరిపి చూడండి.