కంప్యూటర్ కబుర్లు: కోడ్ ఎడిటర్‌కి డబ్బు పెట్టాలా?

ఉగాది కార్యక్రమం అయ్యాక, రియాద్ శివార్లలోని ఇస్తిరాహాలో పులిహోర పళ్ళెం పట్టుకుని ఓ మూల నిలబడ్డానో లేదో, ఒక కుర్రాడు వెతుక్కుంటూ వచ్చాడు. కరీంనగర్ వైపు అబ్బాయి, ఇక్కడ ఒక కంపెనీలో వెబ్ డెవలపర్. "అన్నా, కోడ్ రాసే ఎడిటర్ పైసలు పెట్టి కొనుడు అవసరమా? ఫ్రీగ మస్తు ఉన్నయి గదా! గట్ల కాదంటే మా దోస్తు దగ్గర క్రాక్ ఉన్నది, పెన్‌డ్రైవ్‌ల ఇస్తా అన్నడు" అన్నాడు. ఆ ఆఖరి మాటకి నాకు ముద్ద గొంతు దిగలేదు.

పిల్లలూ, మీకోసం ముందు ఒక్క మాట. మీరు చూసే ప్రతి వెబ్ పేజీ వెనకా ఎవరో టైపు చేసిన అక్షరాలుంటాయి. వాటిని రాసుకునే నోటుబుక్కే ఎడిటర్. మామూలు నోట్‌ప్యాడ్‌లోనూ రాయొచ్చు. కానీ మంచి ఎడిటర్ తెరిచిన బ్రాకెట్టు మూయకపోతే చెబుతుంది, రంగులు వేసి చూపిస్తుంది, వంద ఫైళ్ళలో ఉన్న ఒక పేరుని ఒక్క దెబ్బతో మారుస్తుంది. దర్జీకి కత్తెర ఎలాగో మాకు ఇది అలాగ.

ఇక నా గొడవ. 2009లో నేనూ ఆ అబ్బాయి లాంటివాణ్ణే. పేరున్న ఎడిటర్ ఒకటి, పది రియాళ్ళ సీడీలో, క్రాక్‌తో సహా దొరికింది. మహా సంబరంగా ఇన్‌స్టాల్ చేశాను. క్లయింట్ల సైట్ల పాస్‌వర్డులన్నీ అందులోనే దాచుకున్నాను. మూడు వారాలు తిరక్కుండానే ఒక పెద్ద క్లయింటు సైటు తెరిస్తే 'ఈ సైటు మీ కంప్యూటరుకి హాని చేయవచ్చు' అని గూగుల్ హెచ్చరిక! క్రాక్‌తో పాటు వచ్చిన దొంగ ప్రోగ్రాం పాస్‌వర్డులు పట్టుకుపోయింది. ప్రతి పేజీ అడుగునా ఎవరో ఒక లైను అతికించి పోయారు. అప్పట్లో మనకి గురు, శుక్రవారాలు సెలవు కదా (శుక్ర, శనివారాలైంది 2013 జూన్ నుంచే), ఆ రెండు రోజులూ ఆఫీసులోనే కూర్చుని ఒక్కో ఫైలూ కడిగాను. శనివారం పొద్దున్న మా ముదీర్ దగ్గరికెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఇకామా వాళ్ళ చేతిలో, ఇంట్లో ఆర్నెల్ల పాప... ఆ కాసేపట్లో ఎన్ని ఆలోచనలు పోయాయో! సగం జీతం కోతతో బయటపడ్డాను. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "పోనీలెండి, ఎగ్జిట్ కొట్టలేదు" అంది. ఇప్పటికీ నేను ఏదైనా డౌన్‌లోడ్ చేస్తుంటే "డబ్బు కట్టారా?" అని అడుగుతుంది.

కాబట్టి తమ్ముడికి మొదట చెప్పింది క్రాక్ ఊసే ఎత్తొద్దని. కొనడం సంగతి తర్వాత.

నిజానికి చాలామందికి ఫ్రీ ఎడిటరే సరిపోతుంది. 2015లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన విజువల్ స్టూడియో కోడ్ పైసా ఖర్చు లేకుండా ముప్పాతిక పనులు చేసిపెడుతుంది. అలాగని ఫ్రీది శాశ్వతం అనుకోవద్దు. గిట్‌హబ్ వారి ఆటమ్ మీద ఎంతమంది ప్రాణం పెట్టుకున్నారో, 2022 డిసెంబరు 15న దాన్ని ఆపేశారు.

మరి డబ్బు ఎప్పుడు పెట్టాలి? రోజుకి ఎనిమిది గంటలు అందులోనే ఉండి, ఒక ప్రాజెక్టులో వేల ఫైళ్ళుంటే పెట్టాలి. పీహెచ్‌పీ మీద బతికేవాళ్ళకి జెట్‌బ్రెయిన్స్ వారి పీహెచ్‌పీస్టార్మ్ ఉంది. ఏడాది చందా. ముప్ఫై రోజులు ఉత్తినే వాడి చూడొచ్చు. ఏడాది చందా కట్టి మానేసినా, అది కట్టిననాటి వెర్షన్ మనదే. వాళ్ళదే వెబ్‌స్టార్మ్‌ని 2024 అక్టోబరు నుంచి సంపాదనకి కాని పనులకి ఉచితం చేశారు. మన పిల్లలు నేర్చుకోవడానికి భేషుగ్గా పనికొస్తుంది. సబ్‌లైమ్ టెక్స్ట్ అయితే 99 డాలర్లు, అంటే మన లెక్కలో 371 రియాళ్ళు. ఒకసారి కడితే మూడేళ్ళ అప్‌డేట్లు వస్తాయి.

కట్టేముందు ఒక పరీక్ష పెట్టండి. ఇక్కడి సైట్లు చాలావరకు అరబిక్‌లోనూ ఉండాలి. అరబిక్ కుడినుంచి ఎడమకి, కోడ్ ఎడమనుంచి కుడికి. రెండూ ఒకే లైన్లో పడితే కొన్ని ఎడిటర్లలో బ్రాకెట్లు గంతులేస్తాయి, ఒకచోట చెరిపితే ఇంకోచోట అక్షరం పోతుంది. ఇది కంటి చిరాకుతో పోయేది కాదు. దిశ మార్చే కనపడని గుర్తుల్ని కోడ్‌లో దాస్తే మనిషికి ఒకటి, కంప్యూటరుకి ఇంకొకటి కనిపించేలా మోసం చేయొచ్చని 2021లో కేంబ్రిడ్జి పరిశోధకులు నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ చూపించారు. ఆ తర్వాతే విజువల్ స్టూడియో కోడ్ అలాంటి గుర్తుల్ని ఎత్తి చూపడం మొదలుపెట్టింది. అందుకే ట్రయల్లోనే ఒక అరబిక్ లైను, దాని కింద 'స్త్రీ', 'రాష్ట్రం' అని మన తెలుగు లైను టైపు చేసి, కర్సరు ఎటు పోతుందో చూడండి. నేనైతే అరబిక్ పేజీలకి ఫ్రీ ఎడిటరే తెరుస్తాను.

ఇంకో సంగతి, మన గల్ఫ్ వాళ్ళకి ఇది ముఖ్యం. లైసెన్సు ఎవరి పేరున? కంపెనీ కొంటే కంపెనీదే, మనం ఎగ్జిట్ మీద పోయిన రోజున అక్కడే ఉండిపోతుంది. జెట్‌బ్రెయిన్స్ వ్యక్తిగత లైసెన్సుని ఆఫీసులోనూ వాడుకోవచ్చు గానీ ఆ డబ్బు కంపెనీ నుంచి రాబట్టుకోకూడదు, మన జేబులోంచే పోవాలి. నేను 2013లో సబ్‌లైమ్ నా పేరున కొన్నాను. 2021లో నాలుగో వెర్షన్ వచ్చాక మళ్ళీ కట్టాను. ఈలోగా ఇద్దరు కఫీళ్ళు మారారు, నాలుగు లాప్‌టాపులు మారాయి. లైసెన్సు మాత్రం నాతోనే ఉంది.

పోయిన శుక్రవారం ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. నెల రోజులు ట్రయల్ వాడాడట.

"కొన్న అన్నా. పాత ప్రాజెక్టుల ఒక ఫంక్షన్ పేరు మార్చనీకి ఒకప్పుడు పొద్దంతా పట్టేది, ఇప్పుడు చాయ్ తాగేలోపు అయితాంది."

"ఏ మెయిల్‌తో కొన్నావ్?" అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. "ఆఫీసు మెయిల్ ఇచ్చిన గదా అన్నా..."

"ఫోన్ పెట్టేసి ముందు అది మార్చుకో తమ్ముడూ."

అరగంటలో మార్చుకున్నట్టు మెసేజ్ వచ్చింది. వచ్చే సంచికలో కలుద్దాం.