గ్రహణమొర్రి అనే మాట మానుకుందాం

గ్రహణం వస్తే మా ఇంట్లో రెండూ జరుగుతాయి. అవ్వ పెరుగుగిన్నె మీద, ఊరగాయ జాడీల మీద దర్భలు వేస్తుంది. మేము చాప, జల్లెడ, గ్రహణం కళ్ళద్దాలు తీసుకుని మిద్దె ఎక్కుతాము. పట్టుస్నానం, విడుపుస్నానం అవ్వవి, చూడటం అందరిదీ. దీని మీద మా ఇంట్లో తగాదా లేదు.

2019 డిసెంబరు 26న బెంగళూరులో పొద్దున 8 దాటగానే పట్టింది. ఊటీ, కోయంబత్తూరు వైపు ఉంగరంలా కనిపించింది, మాకిక్కడ తొమ్మిదిన్నరకి సూర్యుడు సుమారు 90 శాతం మూసుకుపోయాడు. ఎండ ఉంది, కానీ వేడి లేదు. జల్లెడ ఎత్తి పట్టుకుంటే నేల మీద వందల నెలవంకలు! ఎదురింటి కన్నడ అజ్జి వాటిని చూస్తూ అక్కడే కూర్చుండిపోయింది. అంతకుముందు ఆమే పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టింది. నిలబడింది కూడా. మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కదా, ఊరికే ఉంటామా? తరువాతి ఆదివారం అదే రోకలి, అదే పళ్ళెం. అప్పుడూ నిలబడింది. అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది. అజ్జి నవ్వేసింది.

నవ్వలేని సంగతి ఇంకొకటి ఉంది. ఆ పూట పక్కింటి తెలుగువాళ్ళ కోడలు, అయిదో నెల, కిటికీలకు దుప్పట్లు కట్టిన గదిలో మూడు గంటలు నీళ్ళు కూడా తాగకుండా పడుకుంది. కదలకూడదట, కత్తి ముట్టకూడదట, బిడ్డకు గ్రహణమొర్రి వస్తుందట.

మేము చదివింది కన్నడ మీడియం. కన్నడంలో దీన్ని 'సీళుతుటి' అంటారు, అంటే చీలిన పెదవి, అంతే. వాళ్ళకూ ఈ భయం లేకపోలేదు, కానీ ఆ మాటలో నింద లేదు. మన మాటలో పేరే తీర్పు చెప్పేస్తుంది. మొర్రితో పుట్టిన బిడ్డ కనబడితే చాలు, "గ్రహణంపూట ఏం చేశావమ్మా?" అని తల్లిని అడుగుతారు.

కడుపులో పై పెదవి కలిసేది నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్యన. అయిదో నెలకి అది ఎప్పుడో అయిపోయిన పని. కొందరికి వంశంలో ఉంటుంది, కొన్ని మందులు, పొగాకు కూడా కారణం కావచ్చు. చాలామందికి ఫలానా అని ఒక్క కారణం తేలదు. పైగా గ్రహణం కనబడని ఏడూ ఇలాంటి పిల్లలు పుడుతూనే ఉన్నారు. పెదవికి మొదటి ఏడాదిలోనే ఆపరేషన్ చేసేస్తున్నారు.

"కొంచెంసేపు లోపలుంటే పోయేదేముంది?" అంటారు పెద్దవాళ్ళు. 2020 జూన్ 21న గ్రహణం పది దాటాక పట్టి మధ్యాహ్నం ఒకటిన్నర దాకా విడవలేదు. అంతసేపు అన్నం, నీళ్ళు లేకుండా కడుపుతో ఉన్న మనిషిని ఉంచడం కొంచెమా? ఊరు వదిలి తరాలైన మనవాళ్ళం, పద్ధతి విడిస్తే తెలుగుతనం పోతుందేమో అని బిగించి పట్టుకుంటాము. పట్టు, విడుపు లాంటి చక్కటి మాటలున్నాయి, అవి పిల్లలకి నేర్పుదాం. దర్భలు కూడా ఉండనీ, ఎవరికేం నష్టం? మొర్రిని మాత్రం ఒట్టి మొర్రి అందాం.

2031 మే 21న కేరళ, తమిళనాడుల మీదుగా మళ్ళీ ఉంగరపు గ్రహణం వస్తోంది. ఆ రోజు ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉంటే, ఆమెకు కూడా కళ్ళద్దాలు ఇవ్వండి, కూర్చోడానికి కుర్చీ వేసి, పక్కన చెంబుతో నీళ్ళు పెట్టండి.