పోయినవారి లెక్క

చచ్చినవాడి కళ్ళు చారెడని సామెత. మనిషి ఉండగా ఎవరికీ కనిపించని సుగుణాలు పదోరోజు నాటికి బంధువులందరి నోటా వినిపిస్తాయి. కాని ఆయన పాన్ కార్డు ఏ పెట్టెలో ఉందో చెప్పేవాడు వాళ్ళలో ఒక్కడూ ఉండడు.

మా వీధిలో పింఛను పుచ్చుకుంటున్న పెద్దాయన ఒకరు ఆగస్టు నెలలో కాలం చేశారు. కర్మకాండ ముగిశాక ఆయన భార్య నన్ను పిలిపించి, "మేష్టారూ, మనిషే లేనప్పుడు ఆయన పేర ఇంకా పన్నేమిటండీ? మాకున్న నాలుగు డబ్బులూ పట్టుకుపోతారా?" అని అడిగారు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి పన్నుల సంగతి అడగడమేమిటని మీరు నవ్వవచ్చు. వీధిలో ఒకడు ఎం.ఏ. చదివితే వాడికి అన్నీ తెలుసునని మనవాళ్ళ నమ్మకం! ఒక ఆడిటరు మిత్రుణ్ణి వెంటబెట్టుకు వెళ్ళాను.

సంగతి ఇదీ. ఏప్రిల్ 1 నుంచి కన్నుమూసిన రోజు దాకా వచ్చిన ఆదాయం పోయినవారిది. దాని రిటర్ను ఆయన పేరనే దాఖలు చెయ్యాలి. ఆ తరువాత డిపాజిట్ల మీద వచ్చే వడ్డీ వాటిని పొందిన వారసులది, కుటుంబ పింఛను భార్యది. అంతకు ముందు సంవత్సరపు రిటర్ను వెయ్యకుండానే పోయి ఉంటే, అదీ వారసులే వెయ్యాలి.

అందుకు ముందుగా ఆదాయపు పన్ను శాఖ ఇ-ఫైలింగ్ పోర్టల్‌లో వారసులుగా నమోదు కావాలి. ఇద్దరి పాన్ కార్డులు, మరణ ధ్రువపత్రం, వారసత్వానికి రుజువు జతపరచాలి. తాసిల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు గాని, రిజిస్టరైన వీలునామా గాని రుజువుగా పనికివస్తుంది.

ఇక ఆవిడ భయం. తండ్రి పన్ను బాకీ వారసుల నెత్తిన పడుతుంది గాని, ఆయన విడిచి వెళ్ళిన ఆస్తి విలువ మేరకే. 1961 నాటి చట్టం 159వ సెక్షనులో ఈ మాట ఉంది; 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు ఉద్దేశించిన 2025 నాటి చట్టమూ దీన్ని నిలుపుకున్నది. అయితే బాకీ తేలకముందే ఆస్తిని అమ్ముకున్నా, చేతులు మార్చినా, ఆ మేరకు వారసులే సొంతంగా జవాబు చెప్పుకోవాలి. ఆస్తి చేతికి రావడం మీద మాత్రం పన్ను లేదు. 1953లో పెట్టిన ఎస్టేటు డ్యూటీని 1985లోనే ఎత్తివేశారు.

ఒక్కొక్కప్పుడు రావలసిందీ ఉంటుంది. బ్యాంకువారు వడ్డీలో పన్ను ఎక్కువగా పట్టుకుని ఉంటే, రిటర్ను వేస్తేనే అది తిరిగివస్తుంది. "పోయినాయనకు లెక్కలేమిటి, వదిలెయ్యమ్మా" అని సలహా చెప్పే కొడుకులు ఇది గమనించాలి.

పెద్దాయన పెట్టెలోంచి కాగితాలు తియ్యడానికే మాకు మూడు సాయంకాలాలు పట్టింది. రిటర్ను ఆయన పేర, ధ్రువీకరణ ఆవిడది. నలభై యేళ్ళ కాపురంలో భర్త ఆదాయం ఎంతో ఆవిడకు తెలియడం అదే మొదటిసారట!

అయ్యా, ఇంటి యజమానులారా! బ్యాంకు ఖాతాలు, డిపాజిట్లు, పాత రిటర్నులు ఎక్కడున్నాయో ఒక నోటుపుస్తకంలో వ్రాసి, ఈ ఆదివారమే ఇల్లాలి చేతిలో పెట్టండి. అశుభమని ఆవిడ కోప్పడితే కోప్పడనివ్వండి.